ఆమ్‌స్టర్‌డామ్ పాత ఊళ్ళోకి ఇల్లు మారుతున్నారా? ముందు కిటికీ కొలవండి

ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో కొత్త అపార్ట్‌మెంట్లలో ఉన్నంతకాలం ఇల్లు మారడం పెద్ద పని అనిపించదు. లిఫ్టు ఉంటుంది, వ్యాన్ గుమ్మం దాకా వస్తుంది. అసలు టెన్షన్ ఆమ్‌స్టర్‌డామ్ పాత పేట యోర్దాన్‌లోనో, కాలువల పక్కనో ఇల్లు దొరికినప్పుడు మొదలవుతుంది. 17వ శతాబ్దంలో తవ్విన ఈ కాలువల ప్రాంతాన్ని యునెస్కో 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూడటానికి ఎంత బాగుంటుందో, ఆ ఇళ్ళలోకి డబుల్‌కాట్ మంచం ఎక్కించడం అంత కష్టం.

హైదరాబాద్‌లో అయితే ప్యాకర్స్ అండ్ మూవర్స్‌కి ఫోన్ చేస్తే మనుషులు వచ్చి పోపుల డబ్బాతో సహా సర్దేస్తారు. ఇక్కడ మనుషుల కూలి గంటల లెక్కన, అదీ గట్టిగానే ఉంటుంది. అందుకే చాలామంది పెట్టెలు తామే సర్దుకుని, బరువులు మోయడానికే మనుషుల్ని పిలుస్తారు. సర్దే పని ఎలాగూ మీదే కాబట్టి, వ్యాన్‌లో ఎంత పడుతుందని కాకుండా, కొత్త ఇంటి మెట్ల మీద ఏది పోతుంది, కిటికీలోంచి ఏది పోతుంది అని చూసి సర్దండి.

ఈ ఇళ్ళకి వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, పాదం సగమే ఆనుతుంది, మలుపు దగ్గర మనిషే ఒదిగి వెళ్ళాలి. కొన్ని ఇళ్ళలో మెట్ల పక్కన గోడ వెంట ఒక తాడు కనిపిస్తుంది. పైఅంతస్తు వాళ్ళు కిందికి దిగకుండా వీధి తలుపు తెరవడానికి పెట్టుకున్నది అది. బరువు మోస్తూ దాన్ని ఆసరాగా పట్టుకోకండి.

సామాను మెట్ల మీద పోదని కట్టినవాళ్ళకీ తెలుసు. అందుకే చాలా ఇళ్ళ నెత్తిన బయటికి పొడుచుకొచ్చిన ఒక దూలం, దానికి కొక్కెం ఉంటాయి. చాలా ఇళ్ళ ముందు గోడ కాస్త వీధివైపు వాలి ఉండేదీ ఇందుకే, తాడుతో పైకి లాగే సరుకు గోడకి రాసుకోకుండా. (పక్కకి ఒరిగిన ఇళ్ళ సంగతి వేరు, అది కొయ్య పునాదులు కుంగినందువల్ల.) ఇప్పటికీ తాడు, కప్పీ అద్దెకి తెచ్చి కొక్కెంతో లాగేవాళ్ళు ఉన్నారు. ఆ కొక్కెం ఎంత బరువు ఆపుతుందో ఇంటి ఓనరు ఖాయంగా చెప్పగలిగితే తప్ప నేనైతే దాని జోలికి పోవద్దంటాను. వీధిలో నిలబెట్టి కిటికీ దాకా పట్టాల మీద సామాను పంపే లిఫ్టు బండ్లు ఆపరేటర్‌తో సహా అద్దెకి దొరుకుతాయి. ఆ డబ్బు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజే టేపు పట్టుకెళ్ళండి. కిటికీ అద్దాన్ని కాదు, తెరిచాక మిగిలే ఖాళీని కొలవండి. పాత ఇళ్ళలో చాలా కిటికీలు పైకి జరిపేవి. అవి సగమే తెరుచుకుంటాయి కాబట్టి బయటి నుంచి పెద్దగా కనిపించే కిటికీలోంచి కూడా సోఫా పట్టకపోవచ్చు. చట్రం ఊడదీయొచ్చా, ఎవరు తీయాలి అన్నది ఓనరు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. రక్షిత కట్టడమైతే చట్రానికి దెబ్బ తగిలినా పెద్ద గొడవే. ఏజెంటుని అడగాల్సిన మంచి ప్రశ్న ఒకటుంది: ఇంతకుముందున్నవాళ్ళు సామాను ఏ కిటికీలోంచి ఎక్కించారు? దానికి జవాబు దొరికితే సగం పని అయినట్టే.

సామాను తెచ్చేవాళ్ళకి చిరునామా ఇచ్చేటప్పుడు ఇంటి నంబరు చివర ఉండే భాగాన్ని వదిలేయకండి. హెచ్ ఉంటే నేలమీది ఇల్లు, 2 ఉంటే రెండో అంతస్తు. కిటికీ ఏ ఎత్తులో ఉందో, ముందు చెట్టు కొమ్మలు అడ్డమున్నాయో లేదో ఒక ఫోటోతో సహా పంపితే దానికి తగిన లిఫ్టు తెస్తారు.

ఇక సామానుని మూడు భాగాలు చేయండి: కిటికీలోంచి పోయేవి, మెట్ల మీద పోయేవి, అసలు తీసుకెళ్ళనివి. మూడో భాగమే పెద్దదిగా ఉండాలి. విడదీయడానికి వీల్లేని పెద్ద సోఫాని పాత సామాను అమ్మే సైటు మార్క్ట్‌ప్లాట్స్‌లో అమ్మేసి అక్కడే ఇంకోటి కొనుక్కోవడం చౌక. ఐకియా బీరువాలు పలకలుగా విప్పేయండి, స్క్రూలు ఒక కవర్లో వేసి ఆ పలకకే అంటించండి. పరుపు రెండు ముక్కలుగా ఉండేదైతే అదృష్టమే.

మెట్ల మీద పోయే పెట్టె చిన్నదై ఉండాలి. మోస్తున్నప్పుడు దాని పైనుంచి మీ కాలి కింద మెట్టు కనబడాలి. నా లెక్కలో 15 కిలోలు దాటకూడదు. పుస్తకాలు పెద్ద పెట్టెలో వేస్తే మోసేవాళ్ళ తిట్లు తప్పవు. బట్టలకి భుజాన తగిలించుకునే బ్యాగులు మేలు, ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో ఊరికే ఇచ్చే అరటిపళ్ళ పెట్టెలు గట్టివే కానీ అడుగున కన్నం ఉంటుంది, అట్ట వేసుకోండి. లిఫ్టు మీద వెళ్ళే ప్రతిదీ మూతపడి ఉండాలి. సగం తెరిచిన పెట్టెలు, వేలాడే సంచులు ఆపరేటర్ ఒప్పుకోడు, కింద సైకిళ్ళ మీద జనం పోతుంటారు.

మన వంటింటి సామానుకి వేరే జాగ్రత్త కావాలి. గ్రైండర్ రాళ్ళు తీసి దుప్పట్లో చుట్టి విడిగా పెట్టండి, డ్రమ్ములోనే వదిలేస్తే అది సొట్టపోతుంది. 20 కిలోల బియ్యం బస్తా మారే ముందు కొనకండి. ఆవకాయ జాడీని మూత మీద ప్లాస్టిక్ చుట్టి, సంచిలో వేసి, బకెట్‌లో నిలబెట్టి, మీ చేత్తోనే తీసుకెళ్ళండి. పాత చెక్క నేల మీద నూనె ఒలికితే అది కిందింటివాళ్ళ సీలింగులో తేలుతుంది. పరిచయం అలా మొదలవకూడదు కదా.

వీధి సంగతి సామానంత ముఖ్యం. కాలువ పక్క దారులు ఇరుకు, చాలావరకు వన్‌వే. బండి, లిఫ్టు ఆపే చోటుని మునిసిపాలిటీ ద్వారా ముందే రిజర్వ్ చేయించుకోవాలి, బోర్డులు కొన్ని రోజుల ముందే పెట్టాలి. ఇంటి తాళాలు ఏ రోజు ఇస్తారో ఖాయమైన వెంటనే ఈ పని మొదలుపెట్టండి. 7.5 టన్నులు దాటిన లారీలకి ప్రత్యేక అనుమతి లేకుండా సెంటర్‌లోకి ప్రవేశం లేదు. పాత వంతెనలు, కాలువ గట్లు అంత బరువు మోయలేవు. 2020 సెప్టెంబరులో హ్రిమ్‌బుర్ఖ్‌వాల్ దగ్గర గట్టు గోడ ఏకంగా నీళ్ళలోకి కూలిపోయింది. 2025 జనవరి నుంచి ఊరి చుట్టూ ఉన్న ఏ10 రింగు రోడ్డు లోపల వ్యాన్లకి, లారీలకి కాలుష్యం లేని జోన్ కూడా మొదలైంది. పాత డీజిల్ వ్యాన్ స్నేహితుడి దగ్గరుందని సంబరపడేలోపు దానికి ప్రవేశం ఉందో లేదో చూసుకోండి. సామాను తక్కువైతే కరెంటు బక్‌ఫీట్స్ అద్దెకి తీసుకోండి. ముందు పెద్ద పెట్టె ఉండే ఈ సైకిల్ ఏ సందులోకైనా దూరిపోతుంది.

ఏప్రిల్ 27 రాజుగారి పుట్టినరోజు పండగ, ఆ రోజు మారాలనుకోకండి. ఆగస్టు మొదట్లో ప్రైడ్ (ఎల్‌జీబీటీ వాళ్ళ పండగ) పడవల ఊరేగింపు ఉండే శనివారం కూడా అంతే, కాలువ గట్లన్నీ జనమే. గాలి గట్టిగా వీస్తే లిఫ్టు ఎక్కించరు, ఇక్కడి శరదృతువులో అది మామూలే. బుక్ చేసేటప్పుడే గాలి వల్ల ఆగితే డబ్బు సంగతేమిటని అడగండి.

మరి ముహూర్తం? ఇంటి దగ్గర అమ్మానాన్నలు చెప్పిన టైముకి, లిఫ్టు దొరికే టైముకి పొంతన కుదరదు. తాళాలు ముందే చేతికొస్తే దేవుడి పటం, పాలగిన్నె చేత్తో తీసుకెళ్ళి ముహూర్తానికి పాలు పొంగించేయండి, లిఫ్టు తర్వాత ఎప్పుడైనా రావచ్చు. పొయ్యి ఇండక్షన్ అయితే ఇత్తడి గిన్నె వేడెక్కదు, అయస్కాంతం అంటుకునే స్టీలు గిన్నె పట్టుకెళ్ళండి.

లిఫ్టు గంటల లెక్క కాబట్టి అది వచ్చేసరికి కిటికీలోంచి పోయేవన్నీ వ్యాన్ వెనక భాగంలో, ముందు దిగేలా ఉండాలి. పైన ఇద్దరు, కింద ఇద్దరు చాలు. పెట్టె మీద గది పేరు ఇంగ్లీషులో రాయండి, తెలుగులో రాస్తే మోసేవాళ్ళు ప్రతిదీ మిమ్మల్ని అడుగుతారు. చుట్టుపక్కల ఇళ్ళ పోస్టు డబ్బాల్లో, ఫలానా రోజు మారుతున్నాం, మెట్ల మీద కాస్త హడావిడి ఉంటుంది అని కొన్ని రోజుల ముందు చీటీ వేయండి. ఇక్కడ దాన్ని బాగా మెచ్చుకుంటారు.

పాత ఇంట్లో మిగిలిన పరుపులు, బల్లలు ఇష్టమొచ్చినప్పుడు వీధిలో పెడితే జరిమానా పడుతుంది. పెద్ద చెత్త ఎప్పుడు, ఎలా తీస్తారన్నది పేటని బట్టి మారుతుంది, మునిసిపాలిటీ సైట్లో మీ చిరునామా కొట్టి చూడండి. కొత్త చిరునామాని మారడానికి 4 వారాల ముందు నుంచి, మారిన 5 రోజుల లోపు మునిసిపాలిటీకి తెలియజేయాలి. పెట్టెలు విప్పకపోయినా ఇది మాత్రం ఆన్‌లైన్‌లో ముందే చేసేయొచ్చు.