ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన టౌనుస్ కొండలు: ఎలా ఎక్కాలి, దారిలో ఏం చూడాలి

ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో, మైంజ్, డార్మ్‌స్టాట్ వైపో ఉండే మనవాళ్ళు చాలామంది లాంగ్ వీకెండ్ వస్తే చాలు స్విట్జర్లాండ్ టికెట్లు వెతుకుతారు, కానీ ఇక్కడ మెట్రో ఎక్కి లాస్ట్ స్టాప్‌లో దిగితే అక్కడ్నుంచే అడవి మొదలు, ఆ అడవిలో రెండు వేల ఏళ్ళు దాటిన కెల్ట్ తెగల కోటగోడలున్నాయి, రోమన్ల సరిహద్దు ఉంది, సిటీ మొత్తం కనపడే శిఖరం ఉంది, అన్నీ నడిచి చూసుకుని రాత్రి అన్నం టైమ్‌కి ఇంట్లో ఉండొచ్చు. ఆ కొండలే టౌనుస్. ఎక్కువమంది కారులో ఫెల్డ్‌బెర్గ్ శిఖరం పైకి పోయి, నాలుగు ఫొటోలు దిగి, కాఫీ తాగి వచ్చేస్తారు. నాకు అదే బాధ, ఎందుకంటే ఈ కొండల్లో అసలు చూడాల్సింది చాలావరకు సగం దారిలో మన కాళ్ళ దగ్గరే ఉంటుంది, నడిస్తే తప్ప కనపడదు, నడిచినా ఏం చూస్తున్నామో తెలీకపోతే ఉత్త రాళ్ళకుప్పలా అనిపిస్తుంది. అందుకని రూట్‌తో పాటు ఏది ఎలా గుర్తుపట్టాలో కూడా రాస్తున్నా.

ముందు వెళ్ళడం సంగతి. ఫ్రాంక్‌ఫర్ట్ నడిబొడ్డున హౌప్ట్‌వాఖె స్టేషన్‌లో యూ3 మెట్రో ఎక్కండి, చివరి స్టాప్ హోహెమార్క్, అరగంట పైచిలుకు పడుతుంది. అది ఓబరుర్సెల్ ఊరి కిందకి వస్తుంది కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్ సిటీ వరకే చెల్లే టికెట్ సరిపోదు, ఓబరుర్సెల్ దాకా తీసుకోవాలి, డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా చెల్లే నెలవారీ పాస్) ఉన్నవాళ్ళకి ఆ గొడవే లేదు. స్టాప్ పక్కనే టౌనుస్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఉంది, తెరిచి ఉంటే లోపలికెళ్ళి ఒక మ్యాప్ తీసుకోండి, ఫోన్‌లో ఎంత మంచి యాప్ ఉన్నా లోయల్లో సిగ్నల్ పోతుంది, చలికి బ్యాటరీ కూడా తొందరగా దిగిపోతుంది. యాప్ వాడేవాళ్ళు కోమూట్ లాంటి దాంట్లో ముందు రాత్రే రూట్‌ని ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

నేను చెప్పే రూట్ ఇది: హోహెమార్క్ నుంచి ఆల్ట్‌క్యోనిగ్ శిఖరం, అక్కడ్నుంచి ఫుక్స్‌టాన్జ్ అనే కనుమ, తర్వాత గ్రోసర్ ఫెల్డ్‌బెర్గ్ (పెద్ద ఫెల్డ్‌బెర్గ్, మామూలుగా ఫెల్డ్‌బెర్గ్ అంటే ఇదే), దాని వెనక రోమన్ కోట, మళ్ళీ ఫుక్స్‌టాన్జ్ మీదుగా కిందకి. మొత్తం 18 కిలోమీటర్ల దాకా ఉంటుంది. హోహెమార్క్ సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంటే ఆల్ట్‌క్యోనిగ్ 798, అక్కడ్నుంచి ఫుక్స్‌టాన్జ్ దగ్గర 662కి దిగి మళ్ళీ ఫెల్డ్‌బెర్గ్‌కి 880 దాకా ఎక్కాలి, అంటే మొత్తం ఎక్కుడు 700 మీటర్లు దాటుతుంది.

టైమ్ ఎంత పడుతుందో గూగుల్‌ని నమ్మకండి, జర్మన్లు లెక్కేసే పద్ధతి ఒకటుంది, నేర్చుకుంటే ఏ కొండకైనా పనికొస్తుంది. గంటకి 4 కిలోమీటర్ల నడక, 300 మీటర్ల ఎక్కుడు, 500 మీటర్ల దిగుడు అనుకోవాలి. దూరానికి ఒక లెక్క, ఎత్తుకి ఒక లెక్క విడివిడిగా వేసి, పెద్దదాన్ని పూర్తిగా తీసుకుని చిన్నదాంట్లో సగం కలపాలి. మన రూట్‌లో దూరానికి నాలుగున్నర గంటలు, ఎక్కి దిగడానికి దాదాపు మూడు ముప్పావు గంటలు, అందులో సగం కలిపితే ఆరున్నర గంటలకి దగ్గర. ఇది ఆగకుండా నడిస్తేనే, తిండికి, ఫొటోలకి, పిల్లలుంటే వాళ్ళకి ఇంకో రెండు గంటలు వేసుకోండి. డిసెంబర్‌లో నాలుగున్నరలోపే సూర్యుడు అస్తమిస్తాడు, అడవిలో అంతకన్నా ముందే చీకటి పడిపోతుంది, అందుకే చలికాలం అయితే పొద్దున ఎనిమిదికల్లా హోహెమార్క్‌లో ఉండాలి, లేదంటే రూట్ సగానికి కోసేయండి. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురుంటుంది, హాయిగా వెళ్ళొచ్చు.

హోహెమార్క్ నుంచి ఎక్కడం మొదలుపెట్టగానే మొదట తగిలేది హైడెట్రెంక్ లోయ. దీనికి రెండు వైపులా ఉన్న కొండల మీద క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నుంచి ఒకటో శతాబ్దం దాకా కెల్ట్‌ల పట్టణం ఉండేది, 130 హెక్టార్లు, మొత్తానికి గోడ చుట్టి, కొండకి కొండకి మధ్య లోయని కూడా లోపలికి కలిపేసుకున్నారు. బోర్డులున్నాయి, చదవండి. ఇప్పుడు మిగిలింది అడవి మధ్య పొడుగ్గా సాగే గట్టు మాత్రమే, కానీ ఆ గట్టు రెండు చివర్లు ఒకచోట లోపలి వైపుకి మళ్ళి మధ్యలో సన్నటి సందు వదిలినట్టు కనిపిస్తే అది కోట ద్వారం. లోపలికొచ్చే శత్రువుని రెండు గోడల మధ్య ఇరికించి పైనుంచి కొట్టడానికి అలా కట్టారు. ఆ సందులో నిలబడి రెండు పక్కలా పైకి చూడండి, వాళ్ళు ఎందుకలా కట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ఆల్ట్‌క్యోనిగ్. ఈ రోజంతటికీ నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే, ఫెల్డ్‌బెర్గ్ కన్నా ఎక్కువ. కారు రోడ్డు లేదు కాబట్టి జనం తక్కువ. శిఖరం దగ్గరపడేకొద్దీ దారి ఏటవాలుగా మారుతుంది, ఉన్నట్టుండి దారికి అడ్డంగా బూడిద రంగు రాళ్ళ వరస ఒకటి వస్తుంది, కాస్త పైకెళ్ళాక ఇంకోటి. అవి కొండ చుట్టూ తిరిగే రెండు కోటగోడలు, సుమారు క్రీస్తుపూర్వం 400 నాటివి. కట్టినప్పుడు అలా కుప్పలా లేవు, నిలువు దుంగల మధ్య రాయి పేర్చి నిటారుగా లేపిన గోడలు, దుంగలు పుచ్చిపోయాక పట్టు తప్పి రాళ్ళు రెండు వైపులా జారిపోయాయి, అదే మనం చూసేది. రాయిని దగ్గర్నుంచి చూడండి, ఇది టౌనుస్ క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, పగిలిన చోట తెల్లగా మెరుస్తుంది, అంచులు పదునుగా ఉంటాయి, మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు పాకి ఉంటాయి. సిమెంట్ లేదు, సున్నం లేదు, ఈ ఎత్తుకి ఇంత రాయి చేత్తో పేర్చారు. దయచేసి ఆ రాళ్ళ మీదకి ఎక్కకండి, ఒకటి కదిలితే కాలు ఇరుక్కుంటుంది, పైగా అది చట్టం కాపాడుతున్న కట్టడం, దారి ఎక్కడ గోడని దాటుతుందో అక్కడే దాటండి. పర్మిషన్ లేకుండా మెటల్ డిటెక్టర్‌తో వెతకడం, తవ్వడం చట్టవిరుద్ధం.

శిఖరం నుంచి ఫుక్స్‌టాన్జ్‌కి దిగే దారి రాళ్ళతో, చెట్ల వేళ్ళతో నిండి ఉంటుంది, తడిగా ఉంటే జారుతుంది. మామూలు స్పోర్ట్స్ షూస్‌తో వచ్చేవాళ్ళు కనిపిస్తుంటారు, ఎండాకాలం అయితే పర్లేదు కానీ నవంబర్‌లో తడి ఆకుల కింద రాయి కనపడదు, చీలమండ దాకా పట్టే షూస్ ఉండాల్సిందే. ఫుక్స్‌టాన్జ్‌లో అడవి మధ్య రెండు హోటళ్ళున్నాయి, సూప్, కేకు, ఆపిల్ వైన్ దొరుకుతాయి, క్యాష్ దగ్గర పెట్టుకోండి. వెజిటేరియన్లకి చాయిస్ తక్కువ, అందుకే పులిహోర కట్టుకెళ్ళడం మంచిది, చల్లారినా బాగుంటుంది, కారదు, బయట బెంచీల మీద కూర్చుని తినొచ్చు. ఆదివారం ఇక్కడ సూపర్ మార్కెట్లు మూసేస్తారు, నీళ్ళు, పళ్ళు శనివారమే కొని పెట్టుకోండి. వాగు నీళ్ళు ఎంత తేటగా కనిపించినా తాగొద్దు.

ఫెల్డ్‌బెర్గ్ టౌనుస్ మొత్తానికి ఎత్తైన కొండ. పైన చదునుగా ఉంటుంది, టీవీ టవర్, వ్యూ టవర్ ఉంటాయి, వ్యూ టవర్ ఆ రోజు తెరిచి ఉందో లేదో ముందే చూసుకోండి. దక్షిణానికి ఫ్రాంక్‌ఫర్ట్ బిల్డింగులు, మైన్ మైదానం, గాలి శుభ్రంగా ఉన్న రోజు ఆవల ఓడెన్‌వాల్డ్, స్పెస్సార్ట్ కొండలు కూడా. వ్యూ కోసమే వెళ్ళేవాళ్ళు ఎండాకాలం మధ్యాహ్నం పెట్టుకోకండి, మసకగా ఉంటుంది. వాన పడి వెలిసి చల్లగాలి తిరిగిన మర్నాడు బెస్ట్. చలికాలంలో ఇంకో అదృష్టం కూడా ఉంటుంది, కింద సిటీ అంతా పొగమంచులో మునిగి ఉంటే పైన ఎండ కాస్తుంటుంది, బరువైన చల్లగాలి కింద పేరుకుపోయి పైన వెచ్చటి గాలి మూతలా నిలవడం వల్ల అలా జరుగుతుంది. కింద బూడిదగా ఉందని ప్లాన్ మానుకోవద్దు, ముందు పైన వాతావరణం చెక్ చేయండి. పైన బ్రూన్‌హిల్డిస్ రాయి అని పెద్ద బండ ఒకటుంది, 1043 నాటి రాతల్లోనే దాని పేరు ఉంది, టవర్ చూసే హడావుడిలో దాన్ని చాలామంది వదిలేస్తారు.

అక్కడ్నుంచి పక్కనున్న క్లైనర్ (చిన్న) ఫెల్డ్‌బెర్గ్ వైపు దిగితే రోమన్ కోట పునాదులొస్తాయి. రోమన్ సామ్రాజ్యం జర్మనీలో గీసుకున్న హద్దు లీమెస్, రైన్ నుంచి డాన్యూబ్ దాకా 550 కిలోమీటర్లు, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్ళింది, మూడో శతాబ్దం మధ్య దాటాక రోమన్లు వదిలేసి వెళ్ళిపోయారు. ఈ కోట దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, చిన్న దళం ఉండేది, ఆ చలికి కూడా పక్కనే స్నానాల గది కట్టుకున్నారు, దాని గోడల అడుగుభాగం ఇంకా కనిపిస్తుంది. వైల్ నది పుట్టే ఊట కూడా అక్కడికి దగ్గరే. లీమెస్‌ని గుర్తుపట్టాలంటే అడవిలో చిన్న చెరువు కట్టలాంటి గట్టు, దాని ముందు నిండా ఆకులు పడ్డ పల్లం తిన్నగా సాగిపోతుంటాయి, మధ్యమధ్యలో గుండ్రటి దిబ్బో, చదరపు రాతి పునాదో ఉంటే అది కాపలా టవర్. ఒక టవర్ నుంచి పక్క టవర్ కనపడేలా కట్టారు, మంటతోనో బూర ఊదో కబురు పంపడానికి. చెట్లకి వేసిన టవర్ బొమ్మ గుర్తు పట్టుకుని నడిస్తే దారి తప్పరు. పిల్లలతో వచ్చేవాళ్ళు ఇంకో రోజు బాడ్ హోంబుర్గ్ పక్కన జాల్‌బుర్గ్ కోటకి వెళ్ళండి, 1897 నుంచి 1907 మధ్య మళ్ళీ కట్టిన రోమన్ కోట అది, బావుల్లో దొరికిన తోలు చెప్పులు అక్కడ చూడొచ్చు.

జాగ్రత్తలు రెండు మూడే, కానీ సీరియస్‌గా తీసుకోండి. గడ్డిలో, పొదల్లో పిడుదులుంటాయి, మార్చి నుంచి అక్టోబర్ దాకా ఎక్కువ, ప్యాంటు సాక్స్‌లోకి దోపుకోండి, ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చంకలు, జుట్టు మొదలు అన్నీ చూసుకోండి, పట్టి ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి మెల్లగా లాగేయాలి, నూనె పోయొద్దు. తర్వాత వారాల్లో చుట్టూ ఎర్రగా వలయం పాకితే వెంటనే డాక్టర్ దగ్గరికెళ్ళండి, అది పిడుదుల వల్ల వచ్చే బొరేలియా అనే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ కావచ్చు. 2018 తర్వాత వరస కరువులకి, బెరడు పురుగుకి ఇక్కడ స్ప్రూస్ చెట్లు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి, ఎండు మానులు గాలికి పడతాయి కాబట్టి తుఫాను హెచ్చరిక ఉన్న రోజు అడవిలోకే వెళ్ళొద్దు. నిప్పు పెట్టడం, స్టవ్ వెలిగించడం అసలు వద్దు. దారి కూడళ్ళలో ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల క్రాస్, ఒక నంబర్ కనిపిస్తే ఫొటో తీసి పెట్టుకోండి, ఏదైనా అయితే 112కి ఫోన్ చేసి ఆ నంబర్ చెబితే అంబులెన్స్ సరిగ్గా అక్కడికొస్తుంది.

కాళ్ళు అలిసిపోయి హోహెమార్క్‌కి తిరిగి నడవలేం అనుకుంటే రోమన్ కోట పక్కన రోటెస్ క్రోయిట్స్ దగ్గర బస్ స్టాప్ ఉంది, వీకెండ్ టైమింగ్స్ వేరు, పొద్దునే చూసి పెట్టుకోండి. ఇంకా ఓపికుంటే అక్కడ్నుంచి క్యోనిగ్‌ష్టైన్‌కి దాదాపు రెండు గంటల దిగుడు, ఊరి పైన పెద్ద కోట శిథిలం ఉంది, ఫ్రెంచి విప్లవం బాటలో మైంజ్‌లో కొన్నాళ్ళు నిలిచిన ప్రజా ప్రభుత్వం మైంజ్ రిపబ్లిక్, 1793లో దాని మనుషుల్ని ప్రష్యన్లు బంధించింది అక్కడే, 1796లో ఫ్రెంచి సైన్యం దాన్ని పేల్చేసింది. టవర్ ఎక్కనిస్తారు, సాయంత్రం మూసే టైమ్ చూసుకుని దిగండి, కింద స్టేషన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మెయిన్ స్టేషన్‌కి డైరెక్ట్ ట్రైన్ ఉంటుంది.