విమానం జీపీఎస్ డేటాబేస్ గడువు దాటకుండా ఎలా చూసుకోవాలి?

విమానాల జీపీఎస్‌కు లెక్కంతా గురువారంతోనే. రన్‌వే నంబరు మారినా, ఓ వేపాయింట్ (ఆకాశ మార్గంలో పేరు పెట్టిన గుర్తు బిందువు) ఎత్తేసినా, ముందే అనుకున్న మార్పులన్నీ 28 రోజులకోసారి, గురువారం నాడే అమల్లోకి వస్తాయి. దీన్ని ఎయిరాక్ సైకిల్ అంటారు. మామూలుగా ఏడాదికి 13. 2020లో మాత్రం 14 పడ్డాయి. అమెరికాలో గార్మిన్ కంపెనీ జీపీఎస్ బిగించిన సెస్నా 172 అనే చిన్న విమానంలో ఐఎఫ్ఆర్ (బయట కనిపించకపోయినా పరికరాల ఆధారంగా నడిపే పద్ధతి)లో ఎగిరే పైలట్ ఏం చేయాలో చూద్దాం.

1. ముందు సైకిల్ నంబరు చూడండి. 2601 అంటే 2026లో మొదటిది. దాని తేదీ జనవరి 22. అమెరికాలో పాతది పోయి కొత్తది వచ్చేది 0901 యూటీసీకి, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం ప్రకారం 9:01కి. వేసవిలో షికాగో గడియారంలో అది తెల్లవారుజామున 4:01. గురువారం పొద్దున్నే బయల్దేరేవాళ్లు బుధవారమే డేటాబేస్ మార్చుకునే పని చూసుకోవాలి.

2. చందా కట్టిన చోటు నుంచి డౌన్‌లోడ్ చేసి కార్డులోకి ఎక్కించండి. నావిగేషన్ డేటాకు గడువు 28 రోజులు, అడ్డంకుల (టవర్లు, ఎత్తైన భవనాల వంటివి) డేటాకు 56.

3. పరికరం ఆపి ఉన్నప్పుడే కార్డు పెట్టండి. డేటా ఎక్కుతుండగా కరెంటు తీయొద్దు. బ్యాటరీ మీదా ఓ కన్నేయండి. రెండు జీపీఎస్‌లుంటే రెండూ మార్చాలి. ప్యానెల్ విప్పక్కర్లేని ఈ పనిని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ మెయింటెనెన్స్ కింద లెక్కేయదు, పైలటే చేసుకోవచ్చు.

4. అసలు పని ఇక్కడుంది. ఆన్ చేయగానే తేదీలు కనిపిస్తాయి. చాలామంది అలవాటుగా బటన్ నొక్కేసి దాటిపోతారు. ఆగి చదవండి. తేదీ సరిపోయింది కదా అని వదిలేయకండి కూడా: ఆ రోజు దిగబోయే అప్రోచ్‌ను (రన్‌వే దాకా దిగే నిర్ణీత దారిని) తెరమీద తెరిచి, వేపాయింట్ల పేర్లు, వాటి వరస, దిశలు, దూరాలు తాజా చార్టుతో పోల్చుకోండి. రెండు నిమిషాల పని. దిశలో ఒకటి రెండు డిగ్రీల తేడా అయస్కాంత దిక్కు లెక్కల వల్ల రావచ్చు. పేరో వరసో తేడా వస్తే మాత్రం ఆ అప్రోచ్ వాడొద్దు.

5. నోటామ్‌లు (పైలట్లకు వచ్చే తాజా హెచ్చరికలు) చదవండి. సైకిల్ మధ్యలో హఠాత్తుగా వచ్చే మార్పుల సంగతి డేటాబేస్‌కు తెలియదు.

గడువు దాటిపోయిందా? మీ జీపీఎస్‌కు సంబంధించిన ఫ్లైట్ మాన్యువల్ అనుబంధంలో పరిమితుల పేజీ తీయండి. మీ పరికరానికి ఏది కుదురుతుందో, ఏది కుదరదో అక్కడే రాసి ఉంటుంది. ఆకాశం తేటగా ఉంటే ఆ రోజుకి వీఎఫ్ఆర్‌లో (బయట చూసుకుంటూ నడిపే పద్ధతిలో) వెళ్లిరావచ్చు.