అబ్బాయి ఆర్మీ ట్రైనింగ్‌కి వెళ్లాడు: ఇంట్లోవాళ్లు ఒకరికొకరు తోడుగా ఉండడం ఎలా?

సెలెక్షన్ లిస్టులో నంబర్ కనపడిన రోజు స్వీట్లు పంచాలని అందరికీ తెలుసు. పిల్లవాడు ట్రంకుపెట్టె పట్టుకుని సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కాక ఇంట్లో ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు. అక్కడ వాడికి అరిచే ఉస్తాద్ ఉంటాడు, పక్క మంచం మీద ఇంకో ఊరి కుర్రాడు ఉంటాడు, తెల్లారకముందు నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా ఊపిరాడని పని ఉంటుంది. ఇక్కడ అమ్మకు ఉండేది మోగని ఫోన్ ఒక్కటే.

ఆ బెంగను ఇంట్లోవాళ్లు, తోటి తల్లిదండ్రులు తమలో తాము పంచుకోవాలి. వారానికోసారి వచ్చే ఆ చిన్న ఫోన్ కాల్‌లోకి దాన్ని తోయకూడదు. కింద చెప్పిన పనులన్నీ ఇందుకోసమే.

1. ఎక్కడికి, ఎన్నాళ్లు? ముందు ఇది తేల్చుకోండి

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద చేరేవాళ్లకు (వీళ్లనే అగ్నివీర్‌లంటారు) సర్వీసు నాలుగేళ్లు. ట్రైనింగ్ కూడా అందులోనే. అది ఎన్ని వారాలన్నది విభాగాన్ని బట్టి మారుతుంది. గోల్కొండ ఆర్టిలరీ (ఫిరంగి దళం) సెంటర్‌లో 2023 జనవరిలో మొదలైన తొలి అగ్నివీర్ బ్యాచ్‌కి 31 వారాలు పెట్టారు. అందులో 10 వారాలు ప్రాథమిక శిక్షణ, 21 వారాలు అడ్వాన్స్‌డ్. నేవీ అయితే ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో 16 వారాలు. అక్కడ తొలి బ్యాచ్‌లో 273 మంది అమ్మాయిలు కూడా ఉన్నారు. కాబట్టి నేను ‘వాడు’ అన్నచోట మీ ఇంట్లో అమ్మాయి ఉంటే ‘ఆమె’ అని చదువుకోండి.

హైదరాబాద్ పిల్లవాడికి హైదరాబాద్ సెంటరే వస్తుందని అనుకోవద్దు. గోల్కొండలో ఆర్టిలరీ, సికింద్రాబాద్‌లో ఈఎంఈ (ఆయుధాలు, బండ్ల మరమ్మతు చూసే విభాగం), ఏఓసీ (ఆయుధాలు, సామగ్రి సరఫరా చూసే విభాగం) సెంటర్లు ఉన్నా, మనవాళ్లు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కి, బెంగళూరుకి, జబల్‌పూర్‌కి, నాసిక్‌కి కూడా వెళ్తుంటారు. ఒకవేళ గోల్కొండే వస్తే ఇంకో ఇబ్బంది. లంగర్‌హౌస్ దాకా సిటీ బస్సే కదా, ఓసారి గేటు దగ్గర నిలబడి చూసొద్దాం అనిపిస్తుంది. వెళ్లకండి. లోపలికి పంపరు. మీరు వచ్చి వెళ్లారని తెలిస్తే వాడి మనసు ఇంకా కుదురు తప్పుతుంది. ఊళ్లోనే ఉన్నా వాడు వేరే రాష్ట్రంలో ఉన్నట్టే అనుకోవాలి.

వారాలు లెక్కపెట్టి గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. ‘ఎప్పుడొస్తాడే?’ అని రోజూ అడిగే నాయనమ్మకు చూపించడానికైనా పనికొస్తుంది.

2. ఓటీపీలు ఎవరి ఫోన్‌కి వస్తున్నాయో చూడండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎక్కువ ఇళ్లు ఇక్కడే ఇరుక్కుంటాయి. ఈ రోజుల్లో ఇంట్లో ఇరవై ఏళ్ల కుర్రాడే ఆన్‌లైన్ ఆఫీసు. కరెంటు బిల్లు, నల్లా బిల్లు, గ్యాస్ బుకింగ్, తమ్ముడి కాలేజీ ఫీజు, నాన్న బీపీ మాత్రల ఆర్డర్, అన్నీ వాడి నంబర్ మీదే నడుస్తాయి. ట్రైనింగ్‌లో ఫోన్ మామూలుగా వాడి చేతిలో ఉండదు, ఇచ్చినప్పుడే ఇస్తారు. వాడు వెళ్లిన పదో రోజు గ్యాస్ అయిపోతుంది, ఓటీపీ ఎక్కడో బెంగళూరులో తాళం వేసిన అలమరలో మోగుతుంది.

రైలెక్కడానికి వారం ముందే కూర్చుని ఒక్కొక్కటీ ఇంకొకరి నంబర్‌కి మార్చండి. చెల్లెలికో తమ్ముడికో నేర్పించి, వాడి కళ్లముందే ఒకసారి చేయించండి. అమ్మానాన్నల బ్యాంకు ఖాతాలకు వాడి నంబర్ ఇచ్చి ఉంటే అది మార్చడం మరీ ముఖ్యం.

అలాగే పేర్లు సరిచూడండి. అమ్మ పేరు ఆధార్‌లో ఒకలా, టెన్త్ మెమోలో ఇంకోలా ఉంటే ఇప్పుడే దిద్దించండి. అగ్నివీర్‌కి 48 లక్షల జీవిత బీమా ఉంటుంది. దానికి వాళ్లు ప్రీమియం కట్టక్కర్లేదు. నామినీ వివరాల్లో పేరు తేడా ఉంటే తర్వాత తిరగాల్సింది మీరే.

జీతం లెక్క కూడా ఇంట్లో అందరికీ ఒకేలా తెలియాలి. మొదటి ఏడాది నెలకు 30,000 అంటారు. అందులో 9,000 సేవానిధి కోసం, అంటే నాలుగేళ్ల తర్వాత ఒకేసారి ఇచ్చే మొత్తం కోసం, పక్కకు వెళ్తుంది, చేతికొచ్చేది 21,000. దాన్ని నమ్ముకుని వాడు వెళ్లగానే కొత్త ఈఎంఐ ఎత్తుకోవడం తెలివైన పని కాదు.

3. నాలుగైదు కుటుంబాలు కలవండి

తోటి తల్లిదండ్రులను వెతకడానికి మంచి చోటు, పిల్లలను పంపించే రోజు రైల్వే ప్లాట్‌ఫామే. అందరూ కళ్లు తుడుచుకుంటూ ఒకేచోట నిలబడి ఉంటారు. మొహమాటం వదిలి ‘మీవాడిది ఏ సెంటరండీ?’ అని అడగండి. ఒకే సెంటర్‌కి వెళ్లే నాలుగైదు కుటుంబాల నంబర్లు దొరికితే చాలు. రెండొందల మంది ఉండే గ్రూపుల్లో వదంతులే ఎక్కువ తిరుగుతాయి.

చిన్న వాట్సాప్ గ్రూపు పెట్టుకుని రెండు మూడు మాటలు ముందే అనుకోండి. సొంత పిల్లవాడు చెప్పిన సంగతి తప్ప ‘ఎవరో అన్నారట’ అన్నది గ్రూపులో పెట్టొద్దు. రన్నింగ్ టైమింగులు, ఫైరింగ్ మార్కులు పోల్చొద్దు. ఒకరి కొడుకు ఫోన్ చేస్తే ‘మిగతావాళ్లూ బాగున్నారట’ అని ఆ సాయంత్రమే అందరికీ చెప్పాలి. ఈ మూడో దానివల్ల ఐదు ఇళ్లకు ఐదు ఫోన్లు రాకపోయినా, ఒక్క ఫోన్‌తో అందరూ కాస్త నిద్రపోతారు.

ఫోన్‌లో మాట్లాడుకోవడం ఒక్కటే సరిపోదు, నెలకోసారైనా కలవండి. ఒకరు ఉప్పల్, ఒకరు బోలారం, ఒకరు మెహదీపట్నం అయితే మధ్యలో ఏదో ఇరానీ హోటల్ చూసుకోవచ్చు. నాన్నల కోసం ఇది తప్పనిసరి. అమ్మలు పక్కింటావిడ దగ్గరైనా ఏడ్చేస్తారు. నాన్నలు ‘ఏముంది, వాడు మగాడు’ అని టీవీ సౌండ్ పెంచుతారు. తమలాంటి ఇంకో తండ్రి ఎదురుగా కూర్చుంటేనే వాళ్ల నోటి నుంచి అసలు మాట వస్తుంది.

వీలైతే ఒక రిటైర్డ్ ఫౌజీని కూడా కలుపుకోండి. సైనిక్‌పురి, యాప్రాల్, అల్వాల్, మల్కాజిగిరి వైపు వీధికొకరు దొరుకుతారు. ‘అంకుల్, రగడా ఇచ్చారన్నాడు, కొట్టారా?’ అని ఓ తల్లి కంగారుపడితే, గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించడం, ఫ్రంట్ రోల్స్ వేయించడం లాంటి శిక్ష అని ఆయన నవ్వుతూ చెప్తారు. అలాగే, ఏది మామూలు కష్టం, ఏది నిజంగా ఫిర్యాదు చేయాల్సిన సంగతి అన్న తేడా కూడా ఆయనకే తెలుస్తుంది.

4. ఆదివారం ఫోన్‌కి సిద్ధంగా ఉండండి

మొదటి రెండు మూడు వారాలు ఫోన్ రాకపోవచ్చు. తర్వాత కూడా చాలాచోట్ల ఆదివారమో, సెలవు రోజో కొద్దిసేపే. కొన్నిసార్లు కొత్త నంబర్ నుంచి వస్తుంది. స్పామ్ అనుకుని కట్ చేయకండి. ఆ రోజు పెళ్లికి వెళ్లినా ఫోన్ సైలెంట్‌లో పెట్టొద్దు.

ముందు ఎవరు మాట్లాడాలో ఇంట్లోనే అనుకోండి. లేకపోతే స్పీకర్ పెట్టి నలుగురూ ఒకేసారి ‘తిన్నావా?’ అని అరుస్తారు, ఫోన్ కట్ అవుతుంది. వారమంతా చెప్పాలనుకున్నవి కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకోండి. వాడు చెప్పేది వినడానికి సగం సమయం వదలండి. ‘ఎంత చిక్కిపోయావో’ అనే మాట వద్దు. చిక్కడం మామూలే, ఆ సంగతి వాడికీ తెలుసు.

వాడు ఏడిస్తే? ‘వచ్చేయ్ నాన్నా’ అనకండి. అగ్నివీర్‌గా చేరాక నాలుగేళ్లు నిండకుండా సొంత కోరిక మీద బయటికి రావడం, ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప కుదరదు. అలాగని ‘మగాడివి, ఏడుస్తావేంట్రా’ అని నోరు నొక్కకండి. ‘ఊఁ, చెప్పు’ అని వినండి, చాలు. ఫోన్ పెట్టేశాక మీకొచ్చే ఏడుపు కోసమే ఆ నాలుగు కుటుంబాలు ఉన్నాయి. రోజుల తరబడి నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

భాష గురించి ఒక మాట. ట్రైనింగ్ అంతా హిందీలో నడుస్తుంది. సిటీ పిల్లలకు మన ‘నక్కో’, ‘హౌ’ల హిందీ ఉంది కాబట్టి నవ్వించుకుంటూనైనా నెట్టుకొస్తారు. మీ గుంపులో నల్గొండ వైపో, మహబూబ్‌నగర్ వైపో పల్లె నుంచి వచ్చిన కుర్రాడు ఉంటే, అతనికి తోడుండమని మీవాడితో చెప్పండి. ఆ తల్లికి మీరు చేసే సాయాల్లో ఇదే పెద్దది.

ఉత్తరాలు కూడా రాయండి. ఆర్మీ నంబర్, పేరు, కంపెనీ, ప్లాటూన్ (ట్రైనింగ్‌లో వాడిని వేసిన బృందాలు), సెంటర్ అడ్రస్ వరుసగా ఉండాలి. ఫోన్ కాల్ అయిపోతుంది, ఉత్తరమైతే దిండు కింద ఉంటుంది. పచ్చళ్లు, సకినాలు పంపే ముందు మాత్రం పార్సిల్ తీసుకుంటారో లేదో వాడినే అడగండి.

5. చెడ్డ వార్త ఎలా చెప్పాలో ముందే అనుకోండి

నాన్నకు జ్వరం, అక్కకు ఇంటర్వ్యూ పోయింది, ఇంటివాళ్లు అద్దె పెంచారు. ఇవన్నీ అక్కడున్న వాడికి చెప్పి లాభం లేదు, వాడు చేయగలిగింది ఏమీ ఉండదు. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి గ్రూపులో ఎవరికి బండి ఉంది, రాత్రి ఎవరు తోడుంటారు అన్నది చూసుకోండి. కొడుకు చేయాల్సిన పని ఇంకొకరి కొడుకో, తండ్రో చేయడమే అసలైన సాయం.

కానీ పెద్ద ఆపద దాచకండి. తాత పోయిన సంగతి ట్రైనింగ్ చివరి పరేడ్ అయ్యాక చెప్తే వాడు జీవితాంతం మర్చిపోడు. అలాంటప్పుడు వాడి ఫోన్ కోసం ఎదురుచూడకుండా సెంటర్‌కే ఫోన్ చేసి, ఆర్మీ నంబర్, కంపెనీ పేరు చెప్పి, ఆసుపత్రి కాగితాలు దగ్గర పెట్టుకోండి. సెలవు ఇవ్వాలా వద్దా అన్నది అక్కడి అధికారుల నిర్ణయం. అందుకే కంపెనీ ఆఫీసు నంబర్ వాడు మొదటి ఫోన్‌లో చెప్పగానే గోడ మీద రాసుకోవాలి.

అటునుంచి వచ్చే చెడ్డ వార్తల్లో ఎక్కువగా వినేది కాలి ఎముక నొప్పి, మోకాలి దెబ్బ. సెంటర్‌లోనే ఉండే చిన్న వైద్యశాల ఎంఐ రూమ్‌లో చూపిస్తారు, అవసరమైతే మిలిటరీ హాస్పిటల్‌కి పంపుతారు. నొప్పి దాచుకుని పరిగెత్తొద్దని మీరే గట్టిగా చెప్పండి. ఎక్కువ రోజులు తప్పినా, టెస్టుల్లో ఫెయిలైనా ‘రిలీగేట్’ చేస్తారు, అంటే వెనక బ్యాచ్‌లో కలుపుతారు. కొద్దిమందిని ఇంటికే పంపేస్తారు.

ఇలా జరిగిన ఇల్లు గ్రూపులో ఒక్కసారిగా మౌనమైపోతుంది. మిగతావాళ్లు కూడా ఏం మాట్లాడాలో తెలియక తప్పుకుంటారు. అలా తప్పుకోవద్దు. ఆ ఆదివారం ఆ ఇంటికి వెళ్లండి. ‘ఎందుకొచ్చాడు?’ అని అడగకుండా టీ తాగి, మామూలు కబుర్లు చెప్పి రండి. వాళ్లను గ్రూపులోంచి తీసేయకండి. చుట్టాల ప్రశ్నలకే ఆ తల్లిదండ్రులు సగం చచ్చి ఉంటారు, కనీసం సంగతి తెలిసినవాళ్లయినా పక్కన ఉండాలి.

6. ఫొటోలు, డబ్బులడిగే ఫోన్లు

యూనిఫామ్‌లో కొడుకు ఫొటో స్టేటస్ పెట్టుకోవాలని ఎవరికి ఉండదు? అయినా సెంటర్ పేరు, కంపెనీ, ఆర్మీ నంబర్ కనిపించే ఫొటోలు బయట పెట్టొద్దు. ఫేస్‌బుక్ సహా 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమని 2020లో ఆర్మీ తన సిబ్బందికే చెప్పింది. ఇంట్లోవాళ్ల పోస్టుల వల్ల వాడు సంజాయిషీ ఇచ్చుకునే పరిస్థితి తేవొద్దు.

‘మీ అబ్బాయికి యాక్సిడెంట్ అయింది, అర్జెంటుగా డబ్బులు పంపండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేసి, గోడ మీద రాసుకున్న ఆఫీసు నంబర్‌కి చేయండి, గ్రూపులో చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ‘మంచి పోస్టింగ్ ఇప్పిస్తా’ అనే బ్రోకర్‌కి గుమ్మం దగ్గరే దండం పెట్టేయండి.

7. పరేడ్‌కి కలిసి వెళ్లండి

ట్రైనింగ్ పూర్తయ్యాక కసం పరేడ్ (ప్రమాణం చేసే పరేడ్) జరుగుతుంది. తల్లిదండ్రులను పిలిచే సెంటర్లలో వాళ్ల గుండెలకు గౌరవ్ పదక్ అనే పతకం పెట్టడం కూడా చూస్తాం. తేదీ ఖరారయ్యేసరికి సమయం తక్కువ ఉండొచ్చు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి, రమారమి తేదీ తెలియగానే గ్రూపులో ఒకరికి టికెట్ల పని అప్పగించండి. వెల్లింగ్టన్ అయితే శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు దాకా వెళ్లి అక్కడినుంచి ఘాట్ రోడ్డు ఎక్కాలి, స్వెట్టర్లు తప్పవు. నాసిక్ అయితే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది. ఖర్చు భరించలేని కుటుంబం ఉంటే గది, కారు మిగతావాళ్లు పంచుకోండి. రాలేకపోయిన తల్లిదండ్రుల కొడుకును ఆ రోజు భోజనానికి మీతో కూర్చోబెట్టుకోండి.

తర్వాత సెలవు మీద ఇంటికొస్తే మొదటి రెండు రోజులు చుట్టాలను పిలవకండి. నాలుగింటికే లేస్తాడు, అన్నం ఐదు నిమిషాల్లో ముగిస్తాడు, గుమ్మం దగ్గర చెప్పులు వరుసలో సర్దుతాడు. నవ్వుకోండి కానీ ఆటపట్టించొద్దు. ‘నాలుగేళ్ల తర్వాత ఏంటి?’ అని మామయ్య మొదలుపెడితే, 25 శాతం వరకు పర్మనెంట్‌గా తీసుకుంటారని, మిగతావాళ్లకు సేవానిధి సుమారు 11.71 లక్షలు వస్తుందని మీరే చెప్పి మాట మార్చండి. తిరుగు టికెట్ కన్ఫర్మ్ అయిందో లేదో వాడు వచ్చిన రోజే చూడండి. ఆలస్యంగా రిపోర్ట్ చేస్తే జవాబు చెప్పుకోవాల్సింది వాడే.