అప్‌గ్రేడ్ తర్వాత లినక్స్ సర్వర్ బూట్ కాకపోతే ఏం చేయాలి?

అప్‌గ్రేడ్ ముగించి రీబూట్ ఇచ్చిన సర్వర్ తిరిగి లేవకపోతే, కంగారులో చాలామంది నేరుగా రీఇన్‌స్టాల్‌కు సిద్ధపడతారు. ఆ అవసరం అరుదుగానే వస్తుంది. సాధారణంగా డేటా డిస్క్‌లో భద్రంగానే ఉంటుంది. ఫర్మ్‌వేర్ (బయోస్ లేదా యూఈఎఫ్ఐ), గ్రబ్ (కెర్నెల్‌ను లోడ్ చేసే బూట్‌లోడర్), కెర్నెల్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (అసలు డిస్క్ అందేవరకు కావలసిన డ్రైవర్లు ఉన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్), సిస్టమ్‌డీ (సేవలను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అనే వరుసలో ఏదో ఒకచోట బూట్ ఆగిపోయి ఉంటుంది. ఎక్కడ ఆగిందో తేలకముందు ఏ మరమ్మతూ మొదలుపెట్టకూడదు.

అందుకే ముందుగా చూడవలసింది కన్సోల్. పింగ్‌కు జవాబు రానంత మాత్రాన సర్వర్ బూట్ కాలేదని నిర్ధారించలేము. అప్‌గ్రేడ్‌లో నెట్‌వర్క్ కార్డు పేరు మారి, పాత పేరుతో రాసిన సెట్టింగులు పనిచేయక, సర్వర్ పూర్తిగా లేచి కూడా ఎవరికీ అందుబాటులో లేకుండా ఉండవచ్చు. మానిటర్ తగిలించి గానీ, ఐపీఎంఐ (సర్వర్‌ను దూరం నుంచి నియంత్రించే హార్డ్‌వేర్ సదుపాయం) ద్వారా గానీ, క్లౌడ్ అయితే సీరియల్ కన్సోల్ ద్వారా గానీ తెర మీద చివరి వరుసలు చదవండి. ఏమీ కనిపించకపోతే గ్రబ్ మెనూలో 'ఈ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే వరుసలోంచి 'క్వయట్', 'స్ప్లాష్' అనే మాటలు తీసేసి, కంట్రోల్-ఎక్స్‌తో బూట్ చేయండి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది కనుక భయపడనక్కర్లేదు.

మెనూ కూడా రాకుండా 'గ్రబ్ రెస్క్యూ' ప్రాంప్ట్ దగ్గరే ఆగిపోతే లోపం బూట్‌లోడర్‌లో ఉన్నట్లే. బయోస్‌తో నడిచే యంత్రాల్లో డిస్క్ మొదట్లో ఉన్న గ్రబ్ కోడ్ పాతదిగా మిగిలిపోయి, బూట్ డైరెక్టరీలోని మాడ్యూళ్లు మాత్రం కొత్తవైతే రెండింటికీ పొత్తు కుదరదు. 2020లో గ్రబ్ భద్రతా సవరణల తర్వాత 'గ్రబ్_క్యాలక్' అనే సింబల్ దొరకలేదంటూ ఎన్నో సర్వర్లు ఆగిపోవడానికి కారణం ఇదే. రెస్క్యూ మీడియా (బూట్ చేయగల యూఎస్‌బీ వంటిది) నుంచి 'గ్రబ్-ఇన్‌స్టాల్'ను పార్టిషన్‌కు కాక మొత్తం డిస్క్‌కు అమలు చేయాలి. రెయిడ్ (పలు డిస్క్‌లను కలిపి వాడే అమరిక) ఉంటే ప్రతి డిస్క్‌కూ చేయాలి.

మెనూ వస్తోందంటే పని చాలా తేలిక. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నెల్‌ను ఎంచుకోండి. దానితో సర్వర్ లేచిందంటే, కొత్త కెర్నెల్ లేదా దాని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సరిగా తయారు కాలేదన్నమాట. రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ చేయలేకపోయానంటూ 'అన్‌నోన్-బ్లాక్(0,0)' అనే కెర్నెల్ ప్యానిక్ వస్తే నా మొదటి అనుమానం ఎప్పుడూ బూట్ పార్టిషన్ నిండిపోవడం మీదే. చోటు చాలక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సగంలో ఆగిపోవడమో, అసలు తయారే కాకపోవడమో జరుగుతుంది. 'డీఎఫ్' కమాండ్‌తో అది చూసి, ప్రస్తుతం నడుస్తున్న కెర్నెల్‌ను తప్పించి మిగతా పాతవాటిని ప్యాకేజ్ మేనేజర్ ద్వారానే తొలగించండి. ఫైళ్లను చేత్తో చెరిపేస్తే ప్యాకేజీల లెక్క తప్పుతుంది. తర్వాత డెబియన్, ఉబుంటులలో 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్'తో, రెడ్‌హ్యాట్ కుటుంబంలో 'డ్రాకట్'తో కొత్త కెర్నెల్‌కు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌ను మళ్లీ తయారు చేయాలి. డిస్క్ కంట్రోలర్ డ్రైవర్ డీకేఎంఎస్ (ప్రతి కెర్నెల్‌కూ డ్రైవర్‌ను విడిగా బిల్డ్ చేసే వ్యవస్థ) ద్వారా వస్తున్నదైతే, అది కొత్త కెర్నెల్‌కు బిల్డ్ అయిందో లేదో కూడా చూడాలి.

'ఎమర్జెన్సీ మోడ్' అని వస్తే కెర్నెల్ తన పని తాను చేసింది. ఎక్కువసార్లు తప్పు ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైల్‌లో) ఉంటుంది: అందులోని యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) ఏ డిస్క్‌కూ సరిపోక, సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి ఆగిపోతుంది. 'బ్లక్‌ఐడీ' చూపే విలువలతో ఆ ఫైల్‌ను పోల్చి, రూట్‌ను రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి సరిదిద్దండి. బ్యాకప్ డిస్క్ వంటి, బూట్‌కు అవసరం లేని మౌంట్‌లకు 'నోఫెయిల్' చేర్చడం మంచిది. రూట్ ఖాతా లాక్ అయి ఉందని షెల్ ఇవ్వకపోతే రెస్క్యూ మీడియా ఒక దారి.

రెస్క్యూ మీడియా నుంచి పనిచేసేటప్పుడు తొందరపడవద్దు. సర్వర్ రూట్‌ను, తర్వాత బూట్, ఈఎఫ్ఐ పార్టిషన్లను మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్, రన్ డైరెక్టరీలను బైండ్ చేసిన తర్వాతే క్రూట్ చేయాలి (అంటే ఆ సర్వర్ రూట్‌లోకి మారాలి). బూట్ పార్టిషన్‌ను మౌంట్ చేయడం మరచిపోతే కొత్త ఫైళ్లన్నీ ఖాళీ డైరెక్టరీలోకి వెళ్లి, మరమ్మతు అయినట్టే కనిపిస్తూ సమస్య అలాగే మిగులుతుంది. అప్‌గ్రేడ్ మధ్యలో తెగిపోయి ఉంటే డెబియన్, ఉబుంటులలో ముందు 'డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ'తో దానిని పూర్తి చేసి, ఆపై ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌నూ గ్రబ్ కాన్ఫిగరేషన్‌నూ తిరిగి తయారు చేయండి. ఎస్ఈలినక్స్ (అదనపు భద్రతా వ్యవస్థ) అమలులో ఉన్న సర్వర్‌లో ఇలా బయటి నుంచి ఫైళ్లు మార్చితే, రూట్ డైరెక్టరీలో 'డాట్ ఆటోరీలేబెల్' ఫైల్ సృష్టించి రీబూట్ చేయాలి. రీలేబెల్‌కు (ఫైళ్లకు భద్రతా గుర్తులు తిరిగి వేయడానికి) పట్టే సమయాన్ని హ్యాంగ్ అనుకుని పవర్ తీయవద్దు.

సర్వర్ లేచాక 'జర్నల్‌సీటీఎల్ -బీ -పీ ఎర్ర్'తో ప్రస్తుత బూట్‌లోని లోపాలు చదివి, కొత్త కెర్నెల్‌తో మరొకసారి రీబూట్ చేసి సేవలన్నీ నడుస్తున్నాయని నిర్ధారించుకునే వరకు చివరి పాత కెర్నెల్‌ను తొలగించకండి.