ఫోన్ ధరను అప్‌డేట్లు వచ్చే ఏళ్లతో భాగించి చూడండి

రెండు ఫోన్లలో ఏది చవకో తేల్చుకునేటప్పుడు ధరను, తయారీ సంస్థ సెక్యూరిటీ అప్‌డేట్లు (ఫోన్‌లోని భద్రతా లోపాలను సరిచేసే సాఫ్ట్‌వేర్ మార్పులు) ఇస్తానన్న సంవత్సరాలతో భాగించి చూడండి. బ్యాంకు లావాదేవీలన్నీ ఫోన్లోనే జరుగుతున్నాయి కనుక మెగాపిక్సెళ్ల కంటే ఈ లెక్కకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. 12,000 రూపాయల ఫోన్‌కు 3 ఏళ్లే అప్‌డేట్లు వస్తే ఏడాదికి 4,000 రూపాయలు పడుతుంది; 18,000 రూపాయల ఫోన్‌కు 6 ఏళ్లు వస్తే 3,000 రూపాయలే పడుతుంది. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్24తో 7 ఏళ్ల హామీని మొదలుపెట్టాయి. అయితే ఈ గడువును మనం కొన్న రోజు నుంచి కాక ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి లెక్కిస్తారు కాబట్టి, తగ్గింపు ధరకు దొరికే రెండేళ్ల కిందటి మోడల్‌కు ఆ రెండేళ్లనూ తీసివేయాలి. చాలామంది పొరపడేది ఇక్కడే. పెట్టెలో ఛార్జర్ రాకపోతే దాని ఖర్చునూ ధరకు కలపండి.