చలికాలంలో బ్రైస్ కాన్యన్: బాట దిగే ముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో యూటా రాష్ట్రంలోని బ్రైస్ కాన్యన్ పార్కుకి మంచు కాలంలో వెళ్లేవాళ్లు చలికి బాగానే సిద్ధమవుతారు గానీ ఐసు సంగతి మర్చిపోతారు. వ్యూ పాయింట్లున్న అంచు 2,400 నుంచి 2,700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పగటి ఎండకి కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. రాతి పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి రాయిని చీలుస్తుంది. హూడూలనే ఆ ఎర్రటి రాతి స్తంభాలు తయారైంది అలాగే. నీడపట్టున ఉన్న మలుపుల్లో ఐసు పేరుకునేదీ అలాగే.

ముందు రోడ్డు. షటిల్ బస్సులు చలికాలంలో నడవవు, సొంత వాహనం ఉండాలి. మంచు జోరుగా కురిస్తే ప్రధాన రోడ్డును 3వ మైలు దగ్గర మూసేసి, మంచు తోశాకే రెయిన్‌బో పాయింట్ వైపు వదులుతారు. దిగులేం లేదు, అసలు చూడాల్సిన యాంఫిథియేటర్, అంటే హూడూలు నిండిన గిన్నెలాంటి లోయ, ఆ లోపే ఉంది. ఫెయిరీల్యాండ్ పాయింట్, పారియా వ్యూ రోడ్ల మీద మాత్రం మంచు తియ్యరు. అవి స్కీలు, స్నో షూస్ (మంచులో కూరుకుపోకుండా బూట్లకి కట్టుకునే వెడల్పాటి పలకలు) వేసుకునేవాళ్లకి.

లోపలికి దిగాలంటే మైక్రోస్పైక్స్, అంటే బూట్ల కిందికి తొడిగే ముళ్ల గొలుసులు, తప్పనిసరి. బూటు ముందు భాగానికి తొడిగి, రబ్బరు పట్టీని మడమ మీదికి లాగండి. గొలుసులు పాదం కింద నడిమికి రావాలి. వదులుగా ఉంటే సరిగ్గా మలుపు దగ్గరే పక్కకి జారుతాయి. జారాక తొడుక్కోవడం కాదు, పార్కింగ్ దగ్గరే తొడుక్కోవాలి. మధ్యాహ్నం తడిమంచు ముళ్ల మధ్య ఉండకట్టి పట్టు పోతుంది, అప్పుడప్పుడు కాలు తట్టి రాల్చండి. మోకాలి లోతు కొత్త మంచులో ఇవి పనికిరావు, స్నో షూస్ కావాలి.

నవహో లూప్ అనే చుట్టుబాటలో వాల్ స్ట్రీట్ అనే ఇరుకు వైపు రాళ్లు పడతాయి, ఐసు ఉంటుంది, అందుకే చలికాలమంతా మూసేస్తారు. ఆ గేటు దాటొద్దు. సన్‌రైజ్ పాయింట్ నుంచి క్వీన్స్ గార్డెన్ బాట మీదుగా దిగి, నవహో లూప్ రెండో వైపైన టూ బ్రిడ్జెస్ నుంచి సన్‌సెట్ పాయింట్‌కి ఎక్కండి. మొత్తం దాదాపు 4.7 కిలోమీటర్లు. టూ బ్రిడ్జెస్ వాలు నిటారుగా ఉంటుంది. ఐసు మీద నిటారు వాలు ఎక్కడం తేలిక, దిగడమే ప్రమాదం. చాలామంది తిరగేసి వెళ్లి అవస్థ పడతారు. ఎండెక్కాక పగుళ్లలో ఐసు వదులై రాళ్లు రాలతాయి, గోడల కింద కూర్చోకండి. పైన అంచున గాలికి పేరుకున్న మంచు కింద నేల ఉండకపోవచ్చు, కంచె దాటకూడదు.

ఫొటోలకి పొద్దుటి వెలుగు బాగుంటుంది. తూర్పు ఎండ ఒక స్తంభం మీద పడి పక్కదాన్ని నారింజ రంగులో వెలిగిస్తుంది. మంచు తెలుపు కెమెరాని మోసం చేసి బూడిదరంగు చూపిస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు అయ్యేలా, పెంచండి. అదనపు బ్యాటరీ కోటు లోపలి జేబులో ఉండాలి. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకుంటే మూత దగ్గర గడ్డకట్టదు.