మంచుగొడ్డలి పాఠాలు - 4: ముక్కు కోణం

మంచు వాలు మీద జారిపడితే మంచుగొడ్డలితో మనల్ని మనమే ఆపుకోవడం ఈ పాఠాల విషయం. పోయిన పాఠంలో కళింగపట్నం బీచ్ ఇసుకలో పడి, దొర్లి, బోర్లా తిరగడం సాధన చేశాం. ఒక చెయ్యి గొడ్డలి తల మీద, బొటనవేలు బాడిస (తలకు ఒకవైపు ఉండే వెడల్పు అలుగు) కింద. రెండో చెయ్యి కర్ర అడుగున, అక్కడుండే ఇనుప మొనకు దగ్గరగా. తల భుజం దగ్గర, కర్ర ఛాతీ మీద ఏటవాలుగా. తిరగడం ఎప్పుడూ తల ఉన్న వైపుకే. మొన వైపు తిరిగితే అది మంచులో దిగబడి గొడ్డలిని లాగేసుకుంటుంది.

ఇసుక నేర్పలేనిది ఒకటుంది. మంచులో ముక్కు, అంటే తలకు బాడిసకు ఎదురువైపున్న కోసు అలుగు, ఎలా దిగుతుంది? మన శ్రీకాకుళంలో మంచు లేదు కాబట్టి, పర్వతారోహణ కోర్సుకు బయల్దేరే ముందే ఇది ఇంట్లో కూర్చుని అర్థం చేసుకోవాలి. వాలు మీద జారేటప్పుడు ఆలోచించే టైం ఉండదు.

గొడ్డలి చేతిలోకి తీసుకోండి. ఒక స్కేలును కర్రకు సమాంతరంగా పట్టి ముక్కు చివరకు ఆనించండి. పళ్లున్న వైపు, అంటే కర్ర అడుగు వైపు మూల ముందుగా తగిలి, మిగతా అంచు వెనక్కి వాలి ఉంటే ఆ ముక్కు మంచును ఇట్టే పట్టేస్తుంది. పై మూల ముందు తగిలితే అది గట్టి మంచు మీద పైపైన జారుతుంది. నాగలి పట్టినవాళ్లకు ఇది కొత్తేం కాదు. కర్రు మొన ఆనితే మట్టిలోకి దిగుతుంది, మడమ ఆనితే నేల మీద గీత గీసి పోతుంది.

అయితే బాగా పట్టే ముక్కే మంచిదా? నేనూ అలాగే అనుకున్నాను. ఉత్తరాఖండ్‌లో శిక్షణకు వెళ్లినప్పుడు, పొద్దున్నే రాయిలా బిగిసిన మంచు మీద, కింద చదునుగా ఉన్న వాలులో జారి, ముక్కును ఒక్కసారిగా పొడిచాను. అది టక్కున పట్టుకుంది. నా ఒళ్లు ఆగలేదు. గొడ్డలి పైన మంచులో నిలబడిపోయింది, నేను ఉత్త చేతులతో కిందికి పోయాను. తప్పు గొడ్డలిది కాదు, నా తొందరది. సైకిల్ ముందు బ్రేక్ ఒక్కసారిగా బిగించినట్టే ఇది. ఛాతీ బరువును మెల్లమెల్లగా ముక్కు మీదికి తేవాలి.

మధ్యాహ్నం అదే వాలు మెత్తబడింది. అప్పుడు అదే ముక్కు కత్తిలా కోసుకుంటూ పోయింది, ఆగడానికి చాలా దూరం పట్టింది. మెత్తని మంచులో కోణం కన్నా ముక్కు వెడల్పే ఎక్కువ పనిచేస్తుంది. ఇక నున్నటి ఐస్ మీద అయితే ఏ ముక్కుతోనైనా ఆగడం దాదాపు అసాధ్యం. అక్కడ పడకుండా ఉండటమే మార్గం.

ముక్కుకు వంపు ఎందుకొచ్చిందో కూడా తెలియాలి. 1966లో ఇవాన్ షూనార్డ్ అనే అమెరికా పర్వతారోహకుడు ఆల్ప్స్‌లో రకరకాల గొడ్డళ్లు పరీక్షించి, వంపు ముక్కుతో 55 సెంటీమీటర్ల గొడ్డలి చేయమని మంచుగొడ్డళ్లు తయారుచేసే షార్లే ఫ్యాక్టరీని ఒప్పించాడు. చెయ్యి విసిరే దారికి వంపు సరిపోతే ముక్కు ఐస్‌లో ఊడకుండా నిలుస్తుందని ఆయన ఆలోచన. అంటే ఆ వంపు ఐస్ ఎక్కడానికి వచ్చింది, జారుడు ఆపడానికి కాదు. అందుకే బాగా కిందికి దిగిన ముక్కు, కొడవలి పళ్లలాంటి లోతైన పళ్లు, వంకర కర్ర ఉన్న టెక్నికల్ గొడ్డలి కొత్తవాళ్లు కొనొద్దని గట్టిగా చెబుతాను. అది ఒక్క కుదుపుతో పట్టేసి చేతిలోంచి ఊడిపోతుంది. తిన్నని కర్ర, కొద్దిపాటి వంపు చాలు.

ఈ వారం పని: వడ్రంగి దగ్గర ప్లైవుడ్ ముక్కలు అడిగి తెచ్చి, స్కేలు పరీక్షలో చెప్పిన రెండు రకాల ముక్కులూ కోయండి. ఒక్కోదానికి జానెడు కర్ర బిగించండి. ట్రేలో తడి ఇసుక గట్టిగా అదిమి, ముక్కును దించి కర్ర అడుగు వైపుకు లాగండి. పట్టే ముక్కును లాగినప్పుడు కర్ర మీ పిడికిలిలో ఎటు తిరగాలని చూస్తుందో గమనించండి. ఆ తిప్పుడును ఆపేది ఏ వేలో రాసుకుని ఉంచండి, వచ్చే పాఠంలో పట్టు దాన్నుంచే మొదలుపెడతాం.